పాత ఓపెన్ కారు డోర్ సరిగా పడటం లేదా? లాక్ మార్చే ముందు ఇవి చూడండి

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కారు వేగంగా కుడివైపు తిరిగితే లోపలున్నవాళ్ల బరువు ఎడమ డోర్ మీదకు వస్తుంది. ఆ డోర్ సగమే పడి ఉంటే ఏ కారులోనైనా ప్రమాదమే. సీట్ బెల్టులు లేని పాత కన్వర్టిబుల్‌లో అయితే మరీ ప్రమాదం.

చాలా కార్ల డోర్ లాక్‌లో రెండు మెట్లు ఉంటాయి. మొదటి ‘టక్’కు డోర్ ఆగుతుంది, అంతే. రెండో ‘టక్’ వినపడితేనే పూర్తిగా పడినట్టు. అది రాకపోతే కొందరు డోర్‌ను గట్టిగా బాదుతారు, ఇంకొందరు కొత్త లాక్ కొంటారు. కానీ తప్పు చాలాసార్లు లాక్‌ది కాదు, బాడీది.

ఓపెన్ కారులోనే ఎందుకు?

మామూలు కారులో పైకప్పు కూడా బాడీని బిగించి పట్టుకుంటుంది. కన్వర్టిబుల్‌లో ఆ పట్టు ఉండదు. బరువంతా డోర్ల కింద పొడవునా ఉండే సిల్ మీద, ఛాసిస్ మీద పడుతుంది. అవి తుప్పు పడితే కారు నడుము కుంగుతుంది. అప్పుడు డోర్ పక్క సందు పైన ఇరుకై, కింద వెడల్పవుతుంది. కృష్ణా డెల్టా తేమకు, మచిలీపట్నం వైపు ఉప్పు గాలికి ఈ తుప్పు ఇంకా త్వరగా పడుతుంది.

మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి వేరు. దాని బాడీ విడిగా ఉన్న ఛాసిస్ మీద బోల్టులతో కూర్చుంటుంది. మధ్యలో పెట్టే ప్యాకింగ్ ముక్కలు అరిగినా, తారుమారైనా డోర్ సందు మారిపోతుంది.

ఇంట్లోనే చేసుకునే పరీక్షలు

కారును చదునైన నేల మీద ఆపండి. డోర్ తెరిచి, వెనక అంచు పట్టుకుని పైకి ఎత్తండి. లూజుగా కదిలితే హింజ్ పిన్నులు అరిగాయి.

తర్వాత డోర్ మూసి పైనా కిందా సందు కొలవండి. తేడా కనిపిస్తే కారు నడుము కింద గట్టి చోట జాకీ పెట్టి కొద్దిగా లేపండి. కారు కిందకు మాత్రం దూరొద్దు. సందు బాగా మారితే బాడీ బలహీనపడినట్టే.

కొత్తగా వేసిన రబ్బరు బీడింగ్ మందంగా ఉన్నా రెండో ‘టక్’ పడదు. అన్నీ చూశాకే, లాక్‌ను పట్టుకునే స్ట్రైకర్‌ను కొద్దికొద్దిగా జరపాలి. ముందే జరిపితే అసలు జబ్బు దాగిపోతుంది.

టింకరింగ్‌కు ఇచ్చేటప్పుడు

జవహర్ ఆటోనగర్‌లో గానీ, ఇంకెక్కడైనా గానీ సిల్ వెల్డింగ్‌కు ఇస్తే ఒక మాట గట్టిగా చెప్పాలి: డోర్ సందులో అడ్డంగా ఇనుప కడ్డీ బిగించాకే పాత రేకు కోయాలి. లేదంటే కుంగిన బాడీ అలాగే అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఎంత సర్దినా డోర్ పడదు.

యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలనుకునేవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం ఛాసిస్‌, బాడీ షెల్‌, ఇంజిన్‌ మార్చకుండా బండి అసలు రూపంలోనే ఉండాలి. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఫొటోలు తీసి దాచుకోవడం మంచిది.

అన్నీ సరిపడేదాకా పిల్లల్ని డోర్ పక్కన కూర్చోబెట్టొద్దు.