చొక్కా పట్టుకుంటే దొంగ దొరికినట్టేనా?

బదిలీ మీద సూరత్ వచ్చిన ఏడాదికే అమ్మను కూడా పొన్నూరు నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. పోయిన ఏడాది ఇక్కడే ఆమెకు కుడి మోకాలి కీలు మార్పిడి జరిగింది. మూడో రోజుకే వాకర్ పట్టుకుని వరండాలో నడిచింది. "ఇంత సులువని తెలిస్తే ముందే చేయించుకునేదాన్నిరా" అంది. పన్నెండో రోజున కుట్ల పక్కన ఎర్రబడింది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. మరో రెండు రోజులకు చీము కనబడింది.

మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళి, కీలు తెరిచి కడిగారు. ఆరు వారాలు ఇంజెక్షన్లు, ఆ తర్వాత మాత్రలు. ల్యాబ్ రిపోర్టులో ఉన్న పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. డాక్టర్లు పొట్టిగా స్టాఫ్ అంటారు. మా ఆవిడ ఫోన్‌లో "స్టాఫ్ ఇన్‌ఫెక్షన్ అటమ్మా" అని చెబితే, మా అత్తగారు "అల్లుడిగారి బ్యాంకు వాళ్ళ నుంచి అంటుకుందా?" అని అడిగారట. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరం నవ్వింది ఆ ఒక్కసారే.

ఒక సాయంత్రం డాక్టర్‌గారిని అడిగాను. పోలియోకి టీకా ఉంది, టైఫాయిడ్‌కి ఉంది, కోవిడ్‌కి ఏడాది తిరగకుండానే వచ్చింది, సెగగడ్డలు లేపే ఈ మామూలు క్రిమికి ఎందుకు లేదని. "వందేళ్ళకు పైగా ప్రయత్నిస్తూనే ఉన్నారు సాహెబ్" అన్నారాయన. నేను చదివింది మేనేజ్‌మెంట్. జీవశాస్త్రం పదో తరగతితోనే వదిలేశాను. కానీ ఆసుపత్రి కుర్చీలో ఆరు వారాలు కూర్చున్నవాడికి చదువుకోవడానికి సమయం బాగానే దొరుకుతుంది.

ఈ క్రిమిని మొదట గుర్తుపట్టింది స్కాట్లండ్‌లోని అబర్డీన్ నగరంలో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్. 1880లో రోగి చీమును మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి కణాలు ద్రాక్షగుత్తుల్లా కనిపించాయి. గ్రీకు భాషలో ద్రాక్షగుత్తికి ఉన్న మాటతోనే దానికి పేరు పెట్టాడు. ఆరియస్ అంటే బంగారు వన్నె. ఇది ఎక్కడో మురికి కాలవలో ఉండే క్రిమి కాదు. సుమారుగా మనలో ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. చర్మం తెగినప్పుడు, సూది గుచ్చినప్పుడు, శరీరంలో లోహపు కీలో గుండె కవాటమో అమర్చినప్పుడు లోపలికి దారి దొరికితే మాత్రం మరో రూపం చూపిస్తుంది.

మందులకు లొంగకపోవడంలోనూ దీనిది పాత చరిత్రే. ఫ్లెమింగ్ 1928లో పెన్సిలిన్‌ను కనుక్కున్నది స్టాఫ్ పెంచుతున్న పళ్ళెంలోనే. ఆ మందు వాడకంలోకి వచ్చిన కొద్ది ఏళ్ళకే దాన్ని తట్టుకునే స్టాఫ్ ఆసుపత్రుల్లో పుట్టింది. 1959లో మెథిసిలిన్ వస్తే, 1961 నాటికి ఇంగ్లండ్‌లో దానికీ లొంగని రకం బయటపడింది. అదే ఇప్పుడు రిపోర్టుల్లో ఎం.ఆర్.ఎస్.ఎ. అని కనిపించేది. 2019లో ప్రపంచవ్యాప్తంగా లక్షకు పైగా మరణాలకు ఆ రకం మందులకు లొంగకపోవడమే కారణమని అంతర్జాతీయ అంచనా. అమ్మకు వచ్చింది ఆ రకం కాదు. అందుకే ఈ వ్యాసం ఇంత నింపాదిగా రాయగలుగుతున్నాను.

క్రిమి చొక్కా

యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది. టీకా చేసే పని వేరు. మన రక్షణ దళానికి క్రిమి ఫొటో ముందుగానే ఇచ్చి పెడుతుంది. ఆ ఫొటోలో కనిపించేది క్రిమి బయటి తొడుగు, దాని మీద మొలిచిన ప్రొటీన్లు. స్టాఫ్ కణం గోడ మీద అలాంటివి ఇరవైకి పైగా రకాలున్నాయి. ఏదీ అలంకారం కాదు, ఒక్కోదానికి ఒక్కో ఉద్యోగం.

క్లంపింగ్ ఫ్యాక్టర్-ఎ అనేది కొక్కెం లాంటిది. మన రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్‌ను పట్టుకుంటుంది. శరీరంలో లోహపు కీలు అమర్చగానే దాని మీద మన ఫైబ్రినోజెన్ పూతలా పరుచుకుంటుంది. కొక్కెం తగిలించుకోవడానికి అంతకంటే మంచి గోడ ఏముంది? ఐఎస్‌డీ-బీ అనే మరో ప్రొటీన్ మన హిమోగ్లోబిన్‌లోని ఇనుమును లాక్కునే పనిలో ఉంటుంది. ఇనుము లేకుండా క్రిమి పెరగలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ప్రొటీన్-ఎ. మన యాంటీబాడీ ఇంగ్లీషు 'వై' అక్షరంలా ఉంటుంది. పై రెండు చేతులతో క్రిమిని పట్టుకుని, కింది కాడతో తెల్ల రక్తకణాన్ని "రా, మింగు" అని పిలుస్తుంది. ప్రొటీన్-ఎ ఆ కాడనే పట్టేసుకుంటుంది. అంటే పోలీసు తలకిందులుగా వేలాడుతూ ఉంటాడు. చేతులు గాల్లో, ఈల దొంగ గుప్పిట్లో.

క్రిమి చొక్కాను పట్టుకుని పని సాధించడం అసలు సాధ్యం కాదని కాదు. కోరింత దగ్గు టీకాల్లో కొత్త రకం వాటిలో ఆ క్రిమి పైపొర ప్రొటీన్లు ఉంటాయి. మన హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకాకు 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. అందులో వాడింది క్రిమి పైనుండే చక్కెర తొడుగు, దాన్ని మరో ప్రొటీన్‌కు జతచేశారు.

సూరత్‌లో ఉంటూ ఇంకో ఉదాహరణ చెప్పకపోతే తప్పు. లింబాయత్, ఉధ్నా వైపు తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన మరమగ్గాల కుటుంబాలు చాలా ఉన్నాయి. మా ఖాతాదారుల్లో పెద్దవాళ్ళు 1994 సెప్టెంబరు గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఊపిరితిత్తుల ప్లేగు వచ్చిందన్న వార్తతో లక్షల మంది రైళ్ళెక్కి ఊరు విడిచి పోయారు. అది నిజంగా ప్లేగేనా అని నిపుణులే ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. చివరికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ ఆధారంగా అది ప్లేగు క్రిమేనని 2000లో ప్రచురించారు.

ఆ ప్లేగు క్రిమికీ ఒక చొక్కా ఉంది, దాని పేరు ఎఫ్-1. ఈగ ఒంట్లో చల్లగా ఉన్నంతసేపు వేసుకోదు, మనిషి ఒంటి వేడి తగలగానే తొడుక్కుంటుంది. ఇక్కడ ఈగ అంటే మన ఇంట్లో వాలేది కాదు, ఎలుకల మీద ఉండే రక్తం పీల్చే చిన్న పురుగు. ఇప్పుడు ప్లేగును నిమిషాల్లో తేల్చే కడ్డీ పరీక్ష వెతికేది ఆ చొక్కానే. కొత్త ప్లేగు టీకాల ప్రయత్నాల్లోనూ ముఖ్య సరుకు అదే.

ప్లేగుకు కుదిరిన ఉపాయం స్టాఫ్‌కు ఎందుకు కుదరలేదు?

పద్నాలుగు, పద్నాలుగు

కుదరకపోవడమంటే చిన్నగా కాదు. 2005లో చక్కెర తొడుగుల మీద తయారైన స్టాఫ్‌వ్యాక్స్ అనే టీకా డయాలిసిస్ రోగుల్లో చివరి పరీక్ష తప్పింది. 2006లో నెలలు నిండని పసికందులు దాదాపు 2,000 మంది మీద ఇంకో మార్గం ప్రయత్నించారు. క్లంపింగ్ ఫ్యాక్టర్-ఎ లాంటి వాటిని పట్టుకునే యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న దాతల రక్తం నుంచి మందు తీసి ఎక్కించారు. లాభం కనబడలేదు.

తర్వాతది మెర్క్ కంపెనీ. ఐఎస్‌డీ-బీ ఒక్కదానితో చేసిన టీకా వి-710. గుండె, ఛాతీ ఆపరేషన్‌కు వెళ్ళబోయే దాదాపు 8,000 మందితో 2007లో పరీక్ష మొదలైంది. యాంటీబాడీలు చక్కగా పుట్టాయి. ఇన్‌ఫెక్షన్లు మాత్రం తగ్గలేదు. 2011లో పరీక్ష ఆపేశారు. లెక్కలు చూస్తే ఇంకో భయంకరమైన విషయం తేలింది. ఆపరేషన్ తర్వాత స్టాఫ్ సోకినవాళ్ళలో, టీకా తీసుకున్నవాళ్ళే ఎక్కువగా చనిపోయారు. ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మకు అలాంటి టీకా దొరికి ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా వేయించి ఉండేవాణ్ణి.

ఫైజర్ వాళ్ళు ఒక్కటి చాలదనుకుని నాలుగు కలిపారు. రెండు చక్కెర తొడుగులు, క్లంపింగ్ ఫ్యాక్టర్-ఎ, క్రిమి మాంగనీసు తెచ్చుకునే మరో పైపొర ప్రొటీన్. వెన్నెముక ఆపరేషన్ చేయించుకునే 3,450 మంది దాకా చేరారు. 2018 డిసెంబరులో ఇక లాభం లేదని ఆపేశారు. టీకా వేసుకున్న గుంపులో తీవ్రమైన స్టాఫ్ ఇన్‌ఫెక్షన్లు 14. ఉత్తుత్తి సూది వేసుకున్న గుంపులోనూ 14. బ్యాంకు పుస్తకాల్లో రెండు వైపులా ఇలా సరిపోతే మనం సంతోషిస్తాం.

ఇవన్నీ ఎలుకల్లో గెలిచిన టీకాలే. ఎలుకలో గెలిచింది మనిషిలో ఓడడానికి ఒక కారణం స్టాఫ్ మనిషికి అలవాటుపడిన క్రిమి కావడం. ఐఎస్‌డీ-బీ కూడా ఎలుక హిమోగ్లోబిన్ కంటే మనిషి హిమోగ్లోబిన్‌నే గట్టిగా పట్టుకుంటుంది. నాకు ఎక్కువ నమ్మకం కలిగించిన వివరణ మాత్రం 2022లో అమెరికాలోని శాన్‌డియాగో పరిశోధకులు వి-710 వైఫల్యం మీద ప్రచురించినది. ప్లేగు క్రిమి మనకు అపరిచితుడు. ఫొటో ఇస్తే మన దళం కొత్తగా నేర్చుకుంటుంది. స్టాఫ్ పసితనం నుంచీ మన ఇంట్లోనే తిరిగిన మనిషి. దాని మీద మన ఒంట్లో అప్పటికే యాంటీబాడీలు ఉంటాయి, కానీ అవి పనికిమాలినవి. క్రిమిని పట్టుకుంటాయే తప్ప పడగొట్టలేవు. టీకా వేస్తే కొత్త పాఠం మొదలవ్వదు, ఆ పాత తప్పు జ్ఞాపకమే రెట్టింపవుతుంది. స్టాఫ్‌ను ముందుగా చూసిన ఎలుకల్లో టీకా పని చేయలేదని, చూడని ఎలుకల్లో చేసిందని వాళ్ళు చూపించారు. ల్యాబ్ ఎలుకలకు, మనుషులకు మధ్య ఉన్న తేడా అదే కదా!

అంటే ఇన్నేళ్ళూ కొలిచింది యాంటీబాడీల సంఖ్యను. చూడాల్సింది వాటి పనితనాన్ని. శాఖ తెరిచిన ఖాతాలెన్నో లెక్కపెట్టి, అందులో ఎన్ని నడుస్తున్నాయో చూడకపోతే ఏమవుతుందో మన వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

అలాగని ఆ దారి మూసుకుపోలేదు. కాడ పట్టుకునే గుణాన్ని తీసేసిన ప్రొటీన్-ఎ తో టీకా చేయాలన్న ప్రయత్నం షికాగోలో ఓలాఫ్ ష్నీవిండ్ బృందం మొదలుపెట్టింది. 2019లో ఆయన చనిపోయినా ఆ పని ఆగలేదు. ఈ ప్రొటీన్లన్నిటినీ గోడకు రివెట్లు కొట్టినట్టు బిగించే సార్టేజ్ అనే ఎంజైమును 1999లో కనిపెట్టిందీ ఆయన బృందమే. ఆ ఎంజైము లేని స్టాఫ్ ఎలుకల్లో జబ్బు చేయలేక బలహీనపడింది. క్రిమిని చంపకుండా చొక్కా విప్పి వదిలేసే మందు రావచ్చన్న ఆశ అక్కణ్ణుంచే పుట్టింది. ఇంకా దుకాణానికి రాలేదు.

ఈలోగా ప్రొటీన్-ఎ కి మాత్రం మనుషుల దగ్గర మంచి ఉద్యోగం దొరికింది. యాంటీబాడీ కాడను పట్టుకోవడమే దాని గుణం కదా. క్యాన్సర్ చికిత్సలో వాడే యాంటీబాడీ మందులను తయారుచేసేటప్పుడు, ప్రొటీన్-ఎ అతికించిన పూసల గొట్టం గుండా ద్రవాన్ని పంపితే మందు పూసలకు అంటుకుంటుంది, మలినాలు కారిపోతాయి. ప్రపంచమంతటా ఆ మందుల శుద్ధికి సాధారణంగా వాడే పద్ధతి ఇదే. 2007లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ విడుదల చేసిన రెడిటక్స్ ఆ జాతి మందే. దొంగ నైపుణ్యాన్నే తాళాల కంపెనీ వాడుకున్నట్టు.

ముక్కు దగ్గర మొదలు

టీకా లేదు కాబట్టి చేతులు ముడుచుకోనక్కర్లేదు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనం చూడండి. ఆసుపత్రిలో చేరగానే రోగుల ముక్కు స్వాబ్ పరీక్షించి, స్టాఫ్ ఉన్నవాళ్ళకు ఐదు రోజులు ముక్కులో ముపిరోసిన్ ఆయింట్‌మెంట్, క్లోర్‌హెక్సిడిన్ సబ్బుతో స్నానం ఇచ్చారు. ఇవ్వనివాళ్ళలో వందకు 7.7 మందికి ఆసుపత్రిలో స్టాఫ్ ఇన్‌ఫెక్షన్ వస్తే, ఇచ్చినవాళ్ళలో 3.4 మందికే వచ్చింది. గుండె, కీళ్ళ ఆపరేషన్లకు ముందు, ముక్కులో స్టాఫ్ ఉన్నట్టు తేలినవాళ్ళకు ముపిరోసిన్ వాడమని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి ఆపరేషన్ తేదీ ఖాయమైతే "ముక్కు స్వాబ్ చేయించాలా?" అని డాక్టర్‌ను ఒక మాట అడగండి. ఆ ఆయింట్‌మెంట్‌ను సొంతంగా కొని రాసుకోవద్దు. దానికీ లొంగని స్టాఫ్ ఇప్పటికే ఉంది.

మిగతావన్నీ మన అమ్మమ్మలు చెప్పినవే. సెగగడ్డను పిసకకూడదు. తువ్వాలు, రేజరు ఎవరివి వాళ్ళవే. సూరత్ వానాకాలంలో తువ్వాలు రెండు రోజులైనా ఆరదు కాబట్టి మా ఇంట్లో ఈ నియమం కాస్త గొడవతోనే అమలవుతోంది.

అమ్మ ఎడమ మోకాలి ఆపరేషన్ వచ్చే నెల. మొదట ససేమిరా అంది, నొప్పే ఒప్పించింది. ఈసారి స్వాబ్ ముందుగానే పంపించాం. రిపోర్టులో స్టాఫ్ ఉందని వచ్చింది. "ఇన్నాళ్ళూ నా ముక్కులోనే ఉందట్రా ముదనష్టపుది!" అంది. కుడి మోకాలికి వచ్చింది ఇక్కడిదేనో కాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. డాక్టర్‌గారు ఐదు రోజుల ఆయింట్‌మెంట్ రాశారు, ఆపరేషన్ ముందు వారం మొదలుపెట్టమన్నారు. ట్యూబు ఫ్రిజ్ మీద పెట్టి, తేదీలు మన బ్యాంకు క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టింది మా అమ్మాయి.