పోలీసు జట్టు, ప్రజల ఆట: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో ఒక అధ్యాయం

హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకుంది. ఆ అయిదింటిలో రెండోది నగరానికి వచ్చిన సంవత్సరమే, అంటే 1951లోనే, మఖ్దూం మొహియుద్దీన్ అరెస్టయ్యాడు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని విరమించింది కూడా ఆ ఏడాది అక్టోబరులోనే. పోలీసు అనే మాట వినగానే తెలంగాణ పల్లె ఉలిక్కిపడే కాలం అది. ఆ కాలంలోనే పోలీసు జట్టు కప్పు తెచ్చిందంటే నగరంలోని రిక్షా కార్మికుడూ, బీడీ కార్మికుడూ, కాలేజీ కుర్రాడూ తన ఇంట్లో శుభకార్యం జరిగినట్టు సంతోషించారు. ఈ రెండు విషయాలనూ ఒకేచోట పెట్టి చూడకుండా ఆ క్లబ్బు చరిత్ర రాస్తే అది కప్పుల జాబితా అవుతుంది. అటువంటి జాబితాలు ఇప్పటికే ఉన్నాయి.

కనుక ఆ జాబితాను ముందే ముగిద్దాం. ఈ జట్టు 1939లో సిటీ అఫ్ఘాన్స్ పేరుతో పుట్టి, తర్వాత నగర పోలీసు జట్టయింది. భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్ళకు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టయింది. రోవర్స్ కప్పు మొత్తం తొమ్మిదిసార్లు దీని చేతికి వచ్చింది. పైన చెప్పిన అయిదూ కాక 1957, 1960, 1962, 1963. వీటిలో 1962 నాటిది ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నది. డ్యూరాండ్ కప్పు నాలుగుసార్లు. మొదటిది 1950లో మోహన్ బగాన్ మీద. తొలి ఆట 2-2తో తేలకపోతే మళ్ళీ ఆడి 1-0తో గెలిచారు. కలకత్తా వాళ్ళకు ఆట మన సొత్తు అన్న ధీమా ఉండేది. దక్కను నుంచి వచ్చిన ఒక శాఖాపరమైన జట్టు ఆ ధీమాను కదిలించింది.

అసలు పోలీసు శాఖకు ఫుట్‌బాల్ ఎందుకు?

ఆనాడు మన దేశంలో ఫుట్‌బాల్ పేరుకు ఔత్సాహిక క్రీడ. ఆడినందుకు బాహాటంగా జీతం ఇవ్వకూడదు. కానీ ఆటగాడికీ ఆకలి వేస్తుంది, ఆటగాడికీ తల్లిదండ్రులుంటారు. ఈ వైరుధ్యాన్ని వ్యవస్థ తన పద్ధతిలో పరిష్కరించుకుంది. రైల్వేలూ, సైన్యమూ, పోలీసు శాఖా, కార్ఖానాలూ ఆటగాడికి ఉద్యోగం ఇచ్చేవి. కాగితం మీద అది కానిస్టేబులు ఉద్యోగం, ఆచరణలో ఆట. దీనివల్ల శాఖకు పేరు వస్తుంది. ప్రజలలో భయం తప్ప మరే భావమూ కలిగించలేని యూనిఫారానికి ఒక మానవ ముఖం దొరుకుతుంది. పేద ఇంటి పిల్లవాడికి మాత్రం అది నెల తిరిగేసరికి వచ్చే జీతం. పాలకుల అవసరమూ, పేదవాడి అవసరమూ ఒకే ఉద్యోగంలో కలిశాయి. వాటి ప్రయోజనాలు మాత్రం వేరు.

ఇటువంటిది మన దగ్గరే జరిగిందనుకోనక్కరలేదు. పోర్చుగల్‌లో లిస్బన్‌కి ఎదురుగా, తేజో నదికి ఆవలి గట్టున, బరైరో అనే చిన్న కార్ఖానా ఊరు ఉంది. అక్కడ సి.యు.ఎఫ్. అనే రసాయనాల కంపెనీయే సర్వస్వం. ఎరువులు, సబ్బులు, ఇళ్ళు, అంగడి అన్నీ కంపెనీవే. 1937లో ఆ కంపెనీ తన కార్మికుల కోసం ఒక క్రీడా క్లబ్బు పెట్టింది. 1943లో అదే ఊరి కార్మికులు సమ్మెకు దిగితే సలజార్ నియంతృత్వం సాయుధ బలగాలను దింపింది. (మన అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో పుట్టిన సంవత్సరం కూడా అదే. యాదృచ్ఛికమే అయినా గుర్తుపెట్టుకోవడానికి సులువు.) కంపెనీ మీద కోపం ఉన్న కార్మికుడే ఆదివారం కంపెనీ జట్టు గెలవాలని గొంతు చించుకున్నాడు. 1964-65లో ఆ చిన్న ఊరి జట్టు దేశ ప్రథమ శ్రేణిలో మూడో స్థానం సంపాదించింది. 1974 ఏప్రిల్ విప్లవం తర్వాత కంపెనీ జాతీయం అయింది, క్లబ్బు పేరు మారింది, స్థాయి తగ్గింది. అయినా ఫాబ్రిల్ అనే పేరుతో, అంటే కార్ఖానా జట్టు అనే అర్థంతో, ఆ క్లబ్బు బతికే ఉంది. పోర్చుగల్‌లో క్లబ్బు అంటే సాధారణంగా చందా కట్టే సభ్యుల సంఘం. యజమాని పోయినా సభ్యులు మిగులుతారు. ఈ తేడా ముందుముందు మనకు పనికివస్తుంది.

మళ్ళీ మన ఊరికి వద్దాం. ఈ జట్టును తీర్చిదిద్దినవాడు పోలీసు కాడు. బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టాడు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య చెప్పిన ఉస్మానియాలో చదివి, అక్కడి జట్టుకు ఆడి, కాచిగూడ మిడిల్ స్కూలులో ఉపాధ్యాయుడుగా జీవితం మొదలుపెట్టాడు. చిక్కడపల్లి, నారాయణగూడల నుంచి కాచిగూడకు నడిచి వెళ్ళే దూరమే. ఈ పేటల్లో సాహిత్య సభలకు తిరిగే మనవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? తర్వాత మరి కొన్ని బడులలో పని చేశాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాడు, హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. 1950లో పోలీసు జట్టు శిక్షణ చేపట్టి 1963లో కన్నుమూసేదాకా వదలలేదు.

ఆయన పద్ధతి ఏమిటో కొంచెం వివరంగా చూడడం అవసరం. అప్పటి మన ఆటలో బంతి దొరికినవాడు దాన్ని తన కాళ్ళ దగ్గరే ఉంచుకుని, ఇద్దరిని ముగ్గురిని తప్పించి, ప్రేక్షకుల చప్పట్లు సంపాదించడమే గొప్ప. రహీం దీన్ని ఒప్పుకోలేదు. ఎదుటివాణ్ణి తప్పించుకుంటూ బంతిని తీసుకుపోవడం నిషేధమైన పోటీలు పెట్టాడు. అంటే బంతి వచ్చిన మరుక్షణమే ఇంకొకడికి అందించాలి. అందించాలంటే ఆ ఇంకొకడు ఎక్కడున్నాడో బంతి రాకముందే చూసుకుని ఉండాలి. ఆ ఇంకొకడు కూడా నిలబడి చూడకుండా ఖాళీ స్థలంలోకి కదిలి ఉండాలి. ఒక చిన్న నిషేధంతో పదకొండుగురి చూపూ మారిపోతుంది. అలాగే బలహీనమైన కాలితోనే తన్నాలనే నియమంతో ఆటలు ఆడించాడు. కుడికాలివాడికి ఎడమకాలు కూడా పనిముట్టు కావాలని ఉద్దేశం. బంతిని ఒకే తాకుతో అందించే ఈ ఆట నేర్చినవాళ్ళకు దేహబలంలో తమను మించిన జట్లంటే భయం పోయింది.

ఇది సమష్టి ఆట అని నేను తొందరపడి సిద్ధాంతం కట్టను. రహీం ఏ రాజకీయ సిద్ధాంతమూ చెప్పినవాడు కాదు. కానీ పేద దేశపు ఆటగాడికి బలమైన తిండి లేదు, మంచి మైదానం లేదు, బూట్లు కూడా లేవు. ఉన్నది వేగమూ, తెలివీ, పక్కవాడి మీద నమ్మకమూ. ఉన్నదానితో ఏం చేయవచ్చో ఆ బడిపంతులు ఆలోచించాడు. బూట్ల సంగతే చూడండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడి ఫ్రాన్సు చేతిలో 1-2తో ఓడితే పత్రికలు ముచ్చటపడ్డాయి. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా 10-1తో ఓడించేసరికి ముచ్చట తీరింది. బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఉత్తకాళ్ళ ఆటను దేశీయ ప్రతిభ అని కీర్తించినవాళ్ళలో ఎక్కువమంది బూట్లు కొనుక్కోగలవాళ్ళే. లేమిని సంస్కృతిగా మెచ్చుకునే ఈ గుణం మన సాహిత్య విమర్శకూ ఉంది.

తర్వాతి కథ పలువురికి తెలిసిందే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో బంగారు పతకం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం. ఆ జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదువాళ్ళు ఎందరో ఉన్నారు. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ బంగారం. అప్పటికే క్యాన్సర్ రహీంను తినేస్తోంది. 1963 జూన్ 11న మరణించాడు. 2024లో ఆయన మీద మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చింది. బొంబాయి పరిశ్రమకు కనిపించిన వస్తువు మన కంటికి ఎందుకు ఆనలేదు?

ఇందుకు ఒక కారణం భాష అని నా అభిప్రాయం. ఈ ఆట పాఠం ఉర్దూలో, దక్కనీలో నడిచింది. ఆడినవాళ్ళు పాతనగరం ముస్లిములు, సికిందరాబాదు కంటోన్మెంటు పక్క తమిళ కుటుంబాల పిల్లలు. గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ సికిందరాబాదు మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో మొదలుపెట్టి సైన్యంలోకి వెళ్ళాడు. తులసీదాస్ బలరాం కంటోన్మెంటును ఆనుకున్న అమ్ముగూడవాడు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు మధ్యతరగతి రచయితకు వీళ్ళు ఒకే నగరంలో ఉంటూ కూడా పొరుగువాళ్ళు కాలేదు. తెలుగు కథలో కోడిపందెం ఉంది, చెడుగుడు ఉంది, తర్వాతి తరంలో క్రికెట్టూ వచ్చింది. ఫుట్‌బాల్ మైదానం మాత్రం అరుదు. బెంగాలీలో మోతీ నంది స్ట్రైకర్, స్టాపర్ అనే నవలలు రాసి ఆటగాడి ఆకలినీ, క్లబ్బుల రాజకీయాన్నీ కథావస్తువు చేశాడు. అక్కడ రచయితా ఆటగాడూ ఒకే భాష మాట్లాడారు. మన నగరంలో శ్రమజీవులు పలు భాషల వాళ్ళు. అభ్యుదయ సాహిత్యం ఆ భాషల గోడలు దాటవలసినంత దాటలేదు.

జట్టు ఎందుకు కుంగిందన్న ప్రశ్నకు జనం చెప్పే జవాబు ఒకటుంది: రహీం సాబ్ పోయాడు, ఆట పోయింది. ఇది సగమే నిజం. ఆయన పోయిన తర్వాత కూడా 1963లో రోవర్స్ కప్పు వచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ కలకత్తా క్లబ్బులు అప్పటికే ఇక్కడి మంచి ఆటగాళ్ళను తీసుకుపోతున్నాయి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్ ఆ దారినే నడిచారు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ మీద కలకత్తాలో మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాళ్ళలో ఒకడు మన హబీబ్. పల్లె నుంచి కూలి ఎటు పోతాడో ఆటగాడూ అటే పోయాడు, ఎక్కువ కూలి దొరికే చోటికి. అతణ్ణి తప్పుపట్టడానికి ఏమీ లేదు.

రెండో కారణం స్థలం. జట్టు సాధన చేసిన ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. పేరు మారడం పెద్ద విషయం కాదు. నగరం పెరిగే కొద్దీ ఖాళీ జాగాకు ధర వచ్చింది, పిల్లలు తన్నుకునే బంతికి మాత్రం ధర రాలేదు. నారాయణగూడ చుట్టుపక్కల ఇవాళ పిల్లలకు గోడ కట్టని నేల ఎంత మిగిలిందో నడిచి చూస్తే తెలుస్తుంది.

మూడోదీ, నా దృష్టిలో ముఖ్యమైనదీ, బరైరోతో పోల్చినప్పుడు బయటపడుతుంది. పోలీసు జట్టుకు లక్షల అభిమానులున్నారు గాని ఒక్క సభ్యుడూ లేడు. జట్టు ప్రజలది అనుకున్నాం, దస్త్రాలలో అది శాఖది. శాఖకు ఆసక్తి ఉన్నంత కాలం ఉద్యోగాలున్నాయి. ఆసక్తి తగ్గినప్పుడు అడగడానికి ఎవరికీ హక్కు లేదు. చందా కట్టినవాడు ప్రశ్నిస్తాడు, చప్పట్లు కొట్టినవాడు ఇంటికి పోతాడు.

ఇటీవలి అనుభవం ఇదే విషయాన్ని పెట్టుబడి భాషలో చెప్పింది. పూణె జట్టు స్థానంలో 2019లో హైదరాబాదు ఎఫ్.సి. వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో యాజమాన్యం దాన్ని ఢిల్లీకి తరలించి పేరు మార్చింది. ఆ కప్పు కోసం టీవీ ముందు గొంతు పోగొట్టుకున్న కుర్రవాణ్ణి ఎవరూ సంప్రదించలేదు. అంతకు కొన్ని నెలల ముందు, 2024 డిసెంబరు 31న, గచ్చిబౌలిలోనే సంతోష్ ట్రోఫీ ఫైనలు జరిగింది. ఆడినవి బెంగాల్, కేరళ. బెంగాల్ 1-0తో గెలిచింది.

బలరాం 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో మరణించాడు, హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాదులో. రహీం కొడుకు, తానూ ఒలింపిక్ జట్టులో ఉన్న హకీం, 2021లోనే వెళ్ళిపోయాడు. ఆ తరం జ్ఞాపకాలు ఉర్దూ పత్రికల పాత సంచికలలోనూ, పాతబస్తీ, సికిందరాబాదు ఇళ్ళలోనూ ఉన్నాయి. పరిశోధనకు అంశం దొరకడం లేదని వాపోయే సాహిత్య విద్యార్థులు ఉర్దూ అక్షరాలు నేర్చుకుని అటు వెళ్ళవచ్చు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ కోసం వరస కట్టే యువకులు ఆ విద్యార్థుల పక్కనే కూర్చుంటారు. వాళ్ళలో చాలామంది అశోక్‌నగర్‌లో అద్దె గదుల్లో ఉంటూ పోలీసు ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నారు. 1950లలో ఇదే ఉద్యోగం కోసం ఫతే మైదాన్‌లో ఎడమకాలితో బంతి తన్నడం నేర్చుకున్న కుర్రవాళ్ళ వయసే వీళ్ళదీ.