బొడ్డుతాడు డాప్లర్

"బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉంది, డాప్లర్ చేయించండి" అని డాక్టర్ చీటీ రాసిస్తే ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. మామూలు స్కానింగ్ బిడ్డ ఆకారాన్ని చూపిస్తే, డాప్లర్ రక్తం పరుగును చూపిస్తుంది. కదిలే రక్తకణాలను తాకి తిరిగొచ్చే ధ్వని తరంగాల పౌనఃపున్యం మారుతుంది. ఆ తేడాయే దీనికి ఆధారం. ఈ సూత్రం 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పింది. బొడ్డుతాడులో రక్తప్రవాహాన్ని ఇలా పసిగట్టవచ్చని 1977లో డబ్లిన్ వైద్యులు ప్రకటించారు.

బొడ్డుతాడులోని రెండు ధమనులు బిడ్డ నుంచి మాయకు రక్తాన్ని తీసుకెళ్తాయి. మాయ బాగుంటే, గుండె చప్పుళ్ల మధ్య విరామంలోనూ ప్రవాహం ముందుకే సాగుతుంది. తెర మీద కొండల వరుసలా కనిపించే గీత అడుగు అంటదు. మాయలోని సన్నని నాళాలు దెబ్బతినే కొద్దీ ఆ విరామంలో ప్రవాహం తగ్గుతుంది, తర్వాత ఆగిపోతుంది. మరీ ముదిరితే వెనక్కి మళ్లుతుంది, గీత అడుగురేఖ కిందికి దిగుతుంది. బిడ్డకు అది పెను ప్రమాదం.

ప్రాణవాయువు చాలనప్పుడు బిడ్డ శరీరం రక్తాన్ని మెదడుకు మళ్లిస్తుంది. అందుకే మెదడు ధమనిలో ప్రవాహం పెరిగిందంటే సంతోషించాల్సింది కాదు, బిడ్డ అవస్థలో ఉందని అర్థం.

కాన్పు ఎప్పుడన్నది నెలలు, గుండె చప్పుడు కూడా చూసి తేలుస్తారు. బీపీ, ఎదుగుదల లోపం ఉన్న గర్భాల్లో ఈ పరీక్ష శిశుమరణాలను తగ్గించగలదు. ఏ ఇబ్బందీ లేనివారందరికీ చేస్తే మేలని రుజువు కాలేదు. కడుపులో కదలికలు తగ్గితే మాత్రం, నిన్నటి రిపోర్టు బాగుందని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.