తేమకు ఉబ్బని గిటారు

వానలు మొదలైతే మా మందిరములోని చెక్క గిటారుకు పొట్ట ఉబ్బును. తీగెలు పైకి లేచును, పాట నడిపించు యౌవనస్థుల వేళ్లు కందిపోవును. ప్రియ పాఠకులారా, మీ సంఘములోను ఇదే బాధ కదా!

తేమ ఎక్కువైన హవాయి దీవులలో జాన్ డెకర్ అను భౌతిక శాస్త్రవేత్త దీనికి విరుగుడుగా కార్బన్ ఫైబరుతో రెయిన్‌సాంగ్ గిటార్లు చేయించెను. అవి 1990లలో అమ్మకానికి వచ్చినవి. వాటి నాదము గంటవలె స్పష్టము. మీటిన స్వరము చాలసేపు నిలుచును. అయినను స్ప్రూస్ చెక్క ఇచ్చు మార్దవమే మా చెవికి ఇంపు. మంచి చెక్క ఏండ్లు గడిచినకొద్దీ మధురమగునందురు. కార్బను మొదటినాడు పలికినట్లే పలుకును.

వాయించు సుఖములో మాత్రము కార్బనుదే పైచేయి. మెడ వంగదు గనుక తీగెల ఎత్తు ఏడాది పొడుగునా ఒకటే. (తుప్పు మాత్రము ఆ తీగెలకును పట్టును!) ఐర్లండులోని ఎమరాల్డ్ సంస్థవారు మోచేయి ఆనించు అంచును వాలుగా మలచుదురు, ఎక్కువసేపు వాయించువారికి చెయ్యి ఒరయదు.

వెలయో, లక్ష రూపాయలు దాటును. పల్లె సంఘమునకు అది పైకప్పు రేకుల ఖర్చు. అందుచేత యౌవనస్థులు అడిగినప్పుడు మేము గట్టి పెట్టె ఒకటి కొని, పాత గిటారును వానాకాలమంతయు అందులోనే ఉంచుచున్నాము. ఊరూరా తిరిగి ఆరుబయట కూటములలో వాయించువారైతే, కూడబెట్టి కార్బనుదే కొనుట మంచిది.