దవడ నొప్పికి కొలత

హనువు అంటే దవడ. ఇంద్రుని వజ్రఘాతానికి ఎడమ దవడ భగ్నమైనందున అంజనాసుతునికి హనుమంతుడనే నామం కలిగిందని కిష్కింధకాండ చెబుతున్నది. ఏళ్ల తరబడి స్వామికి ప్రదక్షిణలు చేసినా, ఆ నామంలోని బాధను నా దవడ పట్టుకొనేవరకు నేను తలచలేదు.

మాది నూజివీడు ప్రాంతపు మామిడితోట. ఆ వేసవిలో చిన్నరసం పండు సైతం జుర్రుకోలేకపోయాను. ఇక ఆవకాయ ముక్క సంగతి చెప్పనేల? పంటిపోటు అనుకొని కుడివైపు దంతమొకటి తీయించుకొన్నాను. పన్ను పోయింది, నొప్పి మిగిలింది.

తరువాత చూసిన వైద్యురాలు చెవి ముందు వేలు ఆనించి, నోరు తెరిచి మూయమన్నారు. దోషం పంటిది కాదు, దవడ కీలుది, దానిని నడిపే కండరాలది అన్నారు. పళ్లు బిగించి బుగ్గపైన, కణతపైన చేయి ఉంచితే ఉబికి తగిలేవి ఆ కండరాలే.

నొప్పిని కొలిచే పరికరం పేరు ఆల్గోమీటర్. ఒక చదరపు సెంటీమీటరు రబ్బరు కొనను కండరంపై ఆనించి, ఒకే వేగంతో ఒత్తిడి పెంచుతారు. ఒత్తిడి నొప్పిగా మారిన క్షణంలో మనం చెప్పాలి. ఓర్పు గొప్పదనుకొని నేను మొదట పళ్లబిగువున ఊరుకొన్నాను. "ఓర్చుకోకండి, నొప్పి మొదలైన చోటే నాకు కావాలి" అని ఆమె మళ్లీ మొదలుపెట్టారు. మామిడిపండు మాగిందో లేదో బేరగాడు బొటనవేలితో నొక్కి చెప్పగలడు. ఇక్కడ చెప్పవలసినది పండే!

కుడిబుగ్గ, ఎడమబుగ్గ, కణతలు, చివరకు చేయి కూడా కొలిచారు. చేతికెందుకని అడిగాను. దవడకు దూరంగా కూడా కొద్ది ఒత్తిడికే నొప్పి పుడితే, నాడీమండలమే నొప్పికి అతిసున్నితమై ఉండవచ్చునట. అప్పుడు దవడకు మాత్రమే చికిత్స చాలదు. అంకె మనిషికీ మనిషికీ మారుతుంది గనుక, అదొక్కటే రోగనిర్ణయం చేయదు.

పరికరం లేనిచోట వేలే ఆధారం. 2014లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం బుగ్గ, కణత కండరాలపై సుమారు కిలో ఒత్తిడితో నొక్కి, "మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?" అని అడగాలి. కిలో ఒత్తిడి ఎంతో వంటింటి త్రాసుపై వేలు నొక్కితే తెలుస్తుంది. నన్ను మొదటే ఈ ప్రశ్న అడిగి ఉంటే ఆ పన్ను దక్కేదేమో.

మెత్తని ఆహారం, వేడికాపు, చిన్న వ్యాయామాలు చెప్పారు. పెదవులు కలిసినా పళ్లు తాకకుండా ఉంచుకోవడం అన్నిటికన్నా కష్టమైంది. మూడవమారు వెళ్లేసరికి కుడిబుగ్గ అంకె ఎడమదానికి చేరువైంది. ఈ ఏడు రసం పండు తిన్నాను. టెంక మాత్రం మనవడికిచ్చాను.