నిచ్చెన ఎక్కుతున్నారా? ఒక్క నిమిషం!

దసరా వస్తోందంటే మనకు ఇల్లు దులుపుకోవడమే పెద్ద పని. బూజు కర్రకు అందని మూల ఒకటి ఎప్పుడూ ఉంటుంది. సజ్జ మీద నిరుటి పచ్చడి జాడీ, దాని వెనక పెద్ద గుండిగ. నిచ్చెన తేవడానికి బద్ధకమేసి కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కేస్తాం. పట్టుకోరా అని పిల్లాణ్ణి పిలిస్తే టీవీ ముందు నుంచే "వస్తున్నా" అంటాడు. వాడు వచ్చేలోపు మనం దిగనైనా దిగుతాం, పడనైనా పడతాం!

మెండోర వైపు ఇళ్ళలో నిచ్చెన పని ఇంకాస్త ఎక్కువే. 1963లో నెహ్రూ గారు పోచంపాడులో శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఈ మండలంలోనిదే. వరి, పసుపు, మక్క పండే ఊళ్ళు. గూన పెంకుల ఇల్లయితే వానాకాలం ముందు పెంకులు సర్దించాలి. స్లాబు వేసుకుని మెట్లు కట్టించుకోని ఇల్లయితే మిరపకాయలు ఆరబోయాలన్నా, వడియాలు పెట్టాలన్నా నిచ్చెనే గతి. చంకలో బేసిను, ఒక చేత్తో నిచ్చెన. పైన కోతి కనబడిందా, ఇక పరుగే!

ఫ్యాక్టరీల్లో ఇలా ఎక్కనివ్వరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 32వ సెక్షన్ ఇందుకే పెట్టారు. ఎత్తుకు చేరే మెట్లూ దారులూ గట్టిగా ఉండాలి, ఎత్తున పనిచేసే మనిషి పడకుండా ఏర్పాటు చేయాలి అని. తాటిచెట్లెక్కే గీత కార్మికులకు కూడా 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మరి వంటింట్లో ఎక్కే ఇల్లాలికి? ఆమె పనిని పని అని ఎవరన్నారు కనుక, నియమాలు రాయడానికి! అందుకే వాళ్ళ నియమాలే మనం తెచ్చుకుందాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది నిచ్చెన వాలు. మరీ నిలువుగా పెడితే వెనక్కి పడుతుంది, మరీ వాలుగా పెడితే కింద జారుతుంది. నాలుగుకు ఒకటి లెక్క గుర్తుపెట్టుకోండి. నిచ్చెన ఆనే చోటు 12 అడుగుల ఎత్తులో ఉంటే, కింది కాళ్ళు గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. టేపు అక్కర్లేదు. మీ కాలివేళ్ళు నిచ్చెన కాళ్ళకు తగిలేలా నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపండి. భుజాల ఎత్తులో ఉన్న మెట్టు అరచేతికి సరిగ్గా అందితే వాలు కుదిరినట్టే. డాబా ఎక్కడానికైతే నిచ్చెన పిట్టగోడ పైకి 3 అడుగులు రావాలి. దిగేటప్పుడు పట్టుకోవడానికి అదే ఆధారం. పైన తాడుతో కట్టేస్తే మరీ మంచిది.

ఎక్కేటప్పుడు రెండు కాళ్ళు, ఒక చెయ్యి, లేదా రెండు చేతులు, ఒక కాలు ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలి. అంటే చేతిలో బేసిను కుదరదు. బుట్టకు తాడు కట్టి, మీరు పైకి చేరాక లాక్కోండి. కుచ్చెళ్ళు పైకి దోపుకోండి, నైటీతో మాత్రం వద్దు. తడి కాళ్ళతోనూ, జారే చెప్పులతోనూ వద్దు. ఇంకో చిటికె బూజు అందుతుందని పక్కకు వంగకండి. మీ బొడ్డు రెండు బొంగుల మధ్యనే ఉండాలి. దిగి నిచ్చెన జరుపుకుంటే పోయేది రెండు నిమిషాలే. మడత నిచ్చెనైతే కాళ్ళు పూర్తిగా విప్పి గొళ్ళెం పడిందో లేదో చూడండి. పై రెండు మెట్ల మీద నిలబడవద్దు.

ఇనుప నిచ్చెన, అల్యూమినియం నిచ్చెన కరెంటు తీగల దగ్గరకు పోకూడదు. డాబాకు ఆనించేముందు తలెత్తి ఒకసారి తీగ చూసుకోండి. బల్బు మార్చేటప్పుడు మెయిన్ ఆపేయండి.

ఇప్పుడు మనం ఎక్కువగా పట్టించుకోని సంగతి. పండగ ముందు సున్నం వేయడానికో, పెంకులు సర్దడానికో కూలికి మనిషి వస్తాడు. ఆ పూట మన ఇల్లే అతని ఫ్యాక్టరీ, మీరే యజమానురాలు. అతను పడితే ఒక ఇల్లు కూర్చుండిపోతుంది. మెట్టు ఊడిన మన పాత నిచ్చెన ఇచ్చి "జాగ్రత్త అన్నా" అంటే సరిపోదు. నిచ్చెన మంచిదో కాదో ముందు మీరు చూడండి. కింద పట్టుకోవడానికి ఇంకో మనిషిని పెట్టండి, ఆ కూలి దండగ కాదు. నిచ్చెన తలుపు ముందు వేయాల్సి వస్తే ఆ తలుపుకు గడియ పెట్టండి. పెంకుల మీద, సిమెంటు రేకుల మీద నేరుగా అడుగు వేయనివ్వకండి. అవి బరువుకు పగులుతాయి. పలక వేయించండి.

ఎవరైనా పడితే గబుక్కున లేపి కూర్చోబెట్టకండి. మెడ, వెన్ను దెబ్బతిని ఉంటే కదిపినకొద్దీ హాని. నూనె రాసి తోమడం, మత్తుగా ఉన్నవాళ్ళ నోట్లో నీళ్ళు పోయడం అసలే వద్దు. 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి, లేచి మామూలుగా మాట్లాడినా సరే, తర్వాత వాంతులు, మగత, తలనొప్పి వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

చెక్క నిచ్చెనకు, బొంగు నిచ్చెనకు అందంగా ఉంటుందని రంగు వేయించకండి. రంగు కింద పగుళ్ళు కనబడవు. అమెరికాలో పనిచోట్ల దీన్ని నియమంగానే పెట్టుకున్నారు. వానకు తడవకుండా, చెద పట్టకుండా చూరు కింద అడ్డంగా పెట్టించండి. పిల్లలు ఎక్కి ఆడే బాధ కూడా తప్పుతుంది. ఇక ఆ పచ్చడి జాడీ, గుండిగ... నెలకోసారి కావలసినవన్నీ కింది అరలోకి దించేసి, ఏడాదికోసారి తీసే సామాను పైకి పంపండి. దించేటప్పుడు మాత్రం పిల్లాడి టీవీ ముందే కట్టేయండి!