నాలుగు నిమిషాల పుడ్డింగు, పన్నెండు క్రియలు

ఏడో తరగతి పిల్లల్ని టీ పెట్టే విధానం రాయమంటే ఇప్పుడు వచ్చే జవాబు ఇలా ఉంటోంది: ‘వాటర్ బాయిల్ చేసి, టీ పౌడర్ యాడ్ చేసి, మిల్క్ మిక్స్ చేసి, ఫిల్టర్ చేయాలి.’ వాక్యం తెలుగుదే, వ్యాకరణం ఎక్కడా తప్పలేదు. కానీ అందులో ఉన్న తెలుగు క్రియ ఒక్కటే, ‘చేయు’. కాచడం, వేయడం, కలపడం, వడకట్టడం అన్నీ ఆ ఒక్క మాట కింద అణిగిపోయాయి.

భాల్కిలో మన పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో మరాఠీ, బస్టాండులో దక్కనీ ఉర్దూ చెవిన పడుతుంటాయి. దీని మీద ఫోన్లో ఇంగ్లిషు. ఇన్ని భాషలు రావడం నష్టం కాదు, ఆస్తి. ‘ఓవెన్’కి తెలుగు మాట లేదని మాకు బెంగ లేదు. ఓవెన్‌ని ఓవెన్ అనే అందాం. మన అమ్మమ్మలు కూడా స్టవ్వునీ కుక్కర్‌నీ అలాగే వంటింట్లోకి రానిచ్చారు. బెంగంతా క్రియల గురించే. వస్తువు పేరు బయటినుంచి వచ్చినా దానితో చేసే పని మన మాటలోనే ఉన్నంత కాలం భాష ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. పని పేరు కూడా పోతే తెలుగు పరీక్ష పేపరుకే పరిమితమవుతుంది.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతోంది. 1956లో ఏడో సవరణతో అది చేరింది. బీదర్ జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుంచి అప్పటి మైసూరు రాష్ట్రంలోకి వచ్చిందీ ఆ ఏడాది నవంబరులోనే. వసతి ప్రభుత్వం ఇస్తుంది. ‘మెదుపు’, ‘జల్లించు’, ‘బోర్లించు’ లాంటి మాటల్ని మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. అవి చేతుల్లోంచే రావాలి.

అందుకు మేము సూచించేది స్పాంజి పుడ్డింగు. కేకు లాంటిదే కానీ ఇంకా మెత్తగా, తడిగా ఉంటుంది. గిన్నె అడుగున తీపి పాకం ఉంటుంది, వేడిగానే తింటారు. ఇంగ్లండులో దీన్ని గంటన్నర ఆవిరి మీద ఉడికిస్తారు. మన కుడుముకి దూరపు చుట్టం అనుకోవచ్చు. మైక్రోవేవ్‌లో అయితే నాలుగు నిమిషాలు చాలు. నలభై నిమిషాల పీరియడ్‌లో చేయడం, తినడం, రాయడం మూడూ పూర్తయ్యే తీపి వంటకం మాకు ఇంకొకటి తోచలేదు.

నలుగురు పిల్లలకి ఒక గిన్నె లెక్క ఇది. మైదా 100 గ్రాములు, చక్కెర 50 గ్రాములు, నూనె 50 మి.లీ., పాలు 75 మి.లీ., బాగా మాగిన అరటిపండు ఒకటి, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, తురిమిన బెల్లం మూడు పెద్ద చెంచాలు. కాటా లేకపోతే మైదాని గుట్టగా ఎనిమిది పెద్ద చెంచాలు అనుకోండి. భాల్కి కిరాణా ధరల్లో మా లెక్కకి ఇదంతా ముప్పై రూపాయల లోపే. తలకి ఎంత పడుతుందో పిల్లలే లెక్క కడతారు. కరెంటు లెక్క కూడా వాళ్లకే ఇవ్వండి. ఓవెన్ 1200 వాట్లు తీసుకుంటే నాలుగు నిమిషాలకి ఎన్ని యూనిట్లు? 0.08. పదో వంతు యూనిట్ కూడా కాదు.

గుడ్డు ఎందుకు లేదని అడగొచ్చు. 2021 డిసెంబరులో బీదర్ సహా కల్యాణ కర్ణాటక జిల్లాల బడుల్లో మధ్యాహ్న భోజనానికి గుడ్డు మొదలుపెట్టినప్పుడు, తినని పిల్లలకి అరటిపండు ఇచ్చారు. మన తరగతిలోనూ రెండు రకాల ఇళ్ల పిల్లలూ ఉంటారు. అందరూ ఒకే గిన్నెలోంచి తినాలంటే అరటిపండే మేలు. పిండిని పట్టి ఉంచే పని అది బాగానే చేస్తుంది. అన్నట్టు, బేకింగ్ పౌడర్ కూడా ఇలాంటి అవసరంలోంచే పుట్టింది. బర్మింగ్‌హామ్‌లో మందుల వ్యాపారి ఆల్ఫ్రెడ్ బర్డ్ భార్యకి గుడ్డూ, ఈస్టూ పడేవి కావు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డు లేని కస్టర్డ్, 1843లో ఈస్టు అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు.

ఇక పని. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లెడలో జల్లించాలి. అరటిపండు ముద్దని చెంచా వెనకతో మెదపాలి. అందులో చక్కెర, నూనె, పాలు పోసి నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. పిండి వేసి మెల్లగా, ఒకే వైపు తిప్పుతూ కలపాలి. ఇక్కడ గట్టిగా కొడితే పుడ్డింగు బిరుసెక్కుతుంది. గాజు గిన్నెకో పింగాణీ గిన్నెకో లోపల నెయ్యి రాయాలి. అడుగున బెల్లం తురుము పరచి చెంచాడు నీళ్లు చిలకరించాలి. దాని మీద పిండిని ఒంపాలి. గిన్నె సగానికి మించకూడదు. పైన పళ్లెం వదులుగా కప్పి 800 వాట్ల మీద నాలుగు నిమిషాలు పెట్టాలి. అద్దంలోంచి చూస్తే పిండి పొంగడం కనిపిస్తుంది. ఆగాక వెంటనే తలుపు తీయకుండా రెండు నిమిషాలు మగ్గనివ్వాలి. పుల్ల గుచ్చి చూస్తే తడి అంటకూడదు. అంటితే ఇంకో అర నిమిషం. చివరికి పళ్లెంలోకి బోర్లిస్తే బెల్లం పాకం పైనుంచి జారుతుంది.

జల్లించు, మెదుపు, గిలకొట్టు, కలుపు, రాయు, పరచు, ఒంపు, కప్పు, పొంగు, మగ్గు, గుచ్చు, బోర్లించు. ఇవి పన్నెండు. ‘పోయు’, ‘చిలకరించు’, ‘జారు’ కొసరు. ‘ఒంపు’ అన్నది నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఇళ్లలో రోజూ వినపడే మాట. ‘పోయు’ అని రాసినా, ‘ఒంపు’ అని రాసినా మార్కు ఇవ్వాలి. ఇంటి మాటని ఎర్ర సిరాతో కొట్టేస్తే, పిల్లవాడు మళ్లీ ‘పోర్ చేసి’ దగ్గరికే పోతాడు.

పనిలో ఉండగానే పిల్లలు ‘ఎందుకు?’ అని అడుగుతారు. సైన్సు టీచరుని పక్కన ఉంచుకోవడం మంచిది. బేకింగ్ పౌడర్‌లో సోడా, పొడి ఆమ్ల లవణం కలిసి ఉంటాయి. తడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి, వేడికి అవి ఉబ్బుతాయి, ఈలోపు పిండి ఉడికి వాటి చుట్టూ గట్టిపడుతుంది. స్పాంజిలో కనిపించే చిల్లులన్నీ ఆ బుడగల ఇళ్లే. ఓవెన్‌లోని తరంగాలు సెకనుకి 245 కోట్ల సార్లు కంపిస్తాయి, వాటితో పాటు పిండిలోని నీటి అణువులూ గింగిరాలు కొట్టి వేడెక్కుతాయి. నీరు ఆవిరయ్యే 100 డిగ్రీలని దాటి పైభాగం పెద్దగా వేడెక్కదు కాబట్టే పుడ్డింగు కేకులా ఎర్రగా కాలదు. ఆ పాలిపోయిన రంగుని బెల్లం పాకం కప్పేస్తుంది. బెల్లం సంగతి చెరకు పండే ఊళ్ల పిల్లలకి మనం చెప్పనక్కర్లేదు.

ఈ యంత్రాన్ని కనిపెట్టింది అమెరికాకి చెందిన పెర్సీ స్పెన్సర్. పన్నెండేళ్లకే బడి మాని మిల్లులో పనికి కుదిరిన మనిషి. 1945లో రేథియాన్ కంపెనీలో రాడార్ గొట్టం ముందు నిలబడి ఉండగా జేబులోని మిఠాయి కరిగిపోతే, ఎందుకా అని ఆరా తీశాడు. ఆ కథని పిల్లలకి చెప్పి, ‘కరుగు’, ‘కరిగించు’ తేడా అడగండి. క్రియకి ‘ఇంచు’ చేరితే ఏమవుతుందో నోట్సు లేకుండానే తేలిపోతుంది.

కన్నడం వచ్చిన పిల్లలకి ఇంకో ఆట ఉంది. గిన్నెలో పోసింది మనకి పాలు, వాళ్లకి హాలు. మన పండు వాళ్లకి హణ్ణు. పువ్వు, హూవు. పులి, హులి. పాత కన్నడంలో ఇవన్నీ ‘ప’తోనే ఉండేవి, తర్వాత ‘హ’ అయ్యాయి. మన చక్కెర కన్నడంలో సక్కరె, మరాఠీలో సాఖర్, ఉర్దూలో శక్కర్. సంస్కృత శర్కరే వీటన్నిటికీ మూలం. పక్కింటి భాష శత్రువు కాదని ఇంతకన్నా తేలిగ్గా ఎలా చెప్పగలం?

కొన్ని జాగ్రత్తలు. స్టీలు గిన్నె, వెండిరేకు అంచు ఉన్న పళ్లెం, లోపల మరిచిపోయిన చెంచా ఓవెన్‌లోకి పోకూడదు. లోహం తరంగాల్ని తిప్పికొడుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. ఖాళీ ఓవెన్ ఆన్ చేయకూడదు. బెల్లం పాకం మరిగే నీళ్ల కంటే ఎక్కువ కాలుస్తుంది కాబట్టి గిన్నె దించడం, బోర్లించడం పెద్దవాళ్ల పని. ప్లగ్గుకి పెద్ద సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. మన ఊళ్లో వోల్టేజి తగ్గిన రోజు నాలుగు నిమిషాలు అయిదున్నర అవుతుంది. పుల్ల గుచ్చి చూడటమే నమ్మకం.

తిన్నాక విధానాన్ని పిల్లలచేత రాయించాలి. ఒకే నియమం: ‘చేసి’ అనే మాట ఒక్కసారే వాడొచ్చు. తల్లిదండ్రులకి మా విన్నపం కూడా ఇక్కడే. రాసింది ఇంట్లో చదివించి, అందులో లేని మాట మీకు తెలిస్తే అంచున మీరే రాసి పంపండి. మీ రాత బాగోదని ఆగొద్దు.

ఇంట్లో మైక్రోవేవ్ లేదని కూడా ఆగనక్కర్లేదు. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక ఇదే పిండిని గిన్నెలో పోసి, లోపలికి నీటి చుక్కలు పడకుండా మూత బిగించి, ముప్పై అయిదు నిమిషాలు ఆవిరి మీద ఉంచితే చాలు. దీనికి స్టీలు గిన్నె పనికొస్తుంది. మధ్యలో మూత తీయకూడదు, తీస్తే పొంగింది కాస్తా కుంగిపోతుంది.